జనవరి కాగితాలు

కిందటి వారం పరమేశ్వరి నాలుగేళ్ళ కూతురు తీతుని ఒళ్ళో పెట్టుకుని సత్యవాణి గుమ్మంలో కూర్చుంది. ఒక్క మాట అడిగింది. "అక్కా, పిల్ల పేరు పాసులో ఎక్కించాలంటే స్టాంపు కాయితం మీద తల్లి ఏలిముద్ర ఎయ్యాలా?"

అక్కర్లేదని సత్యవాణికి తెలుసు. ఆమె మొగుడు హరనాథ్ రైల్వే ఉద్యోగులకు ఉచిత ప్రయాణపు పాసులిచ్చే పాస్ సెక్షన్లో గుమాస్తా. ఆపాటి తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసిన మాటే చెప్పింది. అది విన్నాక పరమేశ్వరి ముఖం పాలిపోయిన తీరు వారం రోజులుగా ఆమెను వదల్లేదు. తీతు మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు పరమేశ్వరి మొగుడు, రైల్వే గార్డు రంగనాథ్, ఆమె చేత ఖాళీ స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. పాసు కోసమన్నాడు. ఖరగ్‌పూర్లో పాసు కోసమంటే ఇంక ఎవరూ ఎందుకని అడగరు.

ఆ రంగనాథ్ మీద ఇప్పుడు మిడ్నాపూర్ కోర్టులో కేసు నడుస్తోంది. మొదటి భార్య ఇక్కడ కాపురం చేస్తూ ఉండగానే, గూడ్సు బండితో టాటానగర్ వెళ్ళి వస్తూ అక్కడ వసంత అనే ఆవిడ మెడలో ఇంకో తాళి కట్టాడని పరమేశ్వరి పెట్టిన కేసు. దాంతోపాటు భరణం కోసం మరో పిటిషన్. రెండో పెళ్ళి రుజువైతే జైలు సంగతి ఎలా ఉన్నా ఉద్యోగం ఊడుతుంది. రంగనాథ్ తరఫు వకీలు చెన్నకేశవరావు. ఆ చెన్నకేశవరావు దగ్గర పదకొండేళ్ళుగా టైపు కొడుతున్న మనిషి సత్యవాణి.

ఆ వారంలో ఆమెకు దక్కిన సంతోషం ఒక్కటే. ఎనిమిదేళ్ళుగా అడుగుతున్న రెండు గదుల క్వార్టర్ హరనాథ్ పేరున మంజూరైంది. కిటికీలకు ఆకుపచ్చ కర్టెన్లు కుట్టుకుంది. పరమాన్నం వండి ఇరుగుపొరుగుకు పంచింది.

1991 జూలైలో ఆ ఆదివారం పొద్దున ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట సందులన్నీ బురదగా ఉన్నాయి. చెన్నకేశవరావు ఇంటి ముందు గదే ఆయన ఆఫీసు. కోర్టుకీ సెలవు, వర్క్‌షాపుకీ సెలవు, కాబట్టి వరండా నిండా జనమే. అందరూ ముందు సత్యవాణి టైపు మిషను చుట్టూ చేరతారు. ప్లీడరు గారిని అడిగితే ఫీజు, సత్యవాణిని అడిగితే ఉచితం.

"అమ్మా, మా బామ్మర్దిని రాత్రి టౌన్ ఠాణాకి ఒట్టుకెల్లినారు. నలభై ఎనిమిది గంటల్లోపల బెయిలు దొరుకుతాదా?"

"రేపు పొద్దున్నే కోర్టులో హాజరు పెడతారు. పూచీకత్తుకి ఇద్దర్ని తీసుకుని తొమ్మిదింటికల్లా మిడ్నాపూర్లో ఉండండి."

ఈ ఊళ్ళో చట్టమంటే నలభై ఎనిమిది గంటలు. అంతకు మించి లాకప్పులో ఉంటే రైల్వే ఉద్యోగి సస్పెండు అయిపోతాడు. అందుకే బుద్ధి ఉన్నవాడెవడూ శనివారం సాయంత్రం కొట్లాట పెట్టుకోడు. నేరం చేశాడా లేదా అని అడిగినవాడు మాత్రం పదకొండేళ్ళలో ఒక్కడూ లేడు. ఇంకొకావిడ, పుట్టింట్లో ఉన్నదానికి భరణం వస్తుందా అంది. తగిన కారణం ఉంటే వస్తుందని చెప్పింది. పిల్లవాడు ఎవరి దగ్గరుంటాడని మరొకావిడ. వాడు ఎవరి దగ్గర సుఖంగా ఉంటాడో కోర్టు చూస్తుందని చెప్పింది. సగం జనం ఆ జవాబుల్తోనే ఇంటికి వెళ్ళిపోతారు. తను టైపిస్టునే గానీ ఊరికి పనికొచ్చే మనిషినని సత్యవాణికి లోలోపల కాస్త గర్వం.

"సత్యవాణీ, లోపలికి రామ్మా," అని చెన్నకేశవరావు పిలిచాడు.

లోపల రంగనాథ్ బల్ల పక్కన కూర్చుని చాయ్‌లో బిస్కట్టు ముంచుకుంటున్నాడు. గార్డు ఉద్యోగం కంటే యూనియన్లో పలుకుబడి ఎక్కువ ఉన్న మనిషి. ఆమెను చూడగానే నవ్వాడు.

"ఏటమ్మా, కొత్త క్వార్టర్ సూసినారా? దక్షిణం గాలి బాగా తగుల్తాది."

"చూశామండీ," అంది సత్యవాణి. ఇతనికెలా తెలిసిందా అనుకుంది గానీ, ఈ ఊళ్ళో ఒకరి క్వార్టర్ సంగతి ఇంకొకరికి తెలియకపోవడం ఎక్కడుంది?

ఎదురుగా వెంకటసుబ్బయ్య. గోల్ బజార్లో బియ్యం కొట్టు, కుల సంఘంలో పెద్దరికం. ఏ పెళ్ళిలోనైనా మొదటి తాంబూలం ఆయనకే. ఇప్పుడు బడిలో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ మొదటి నుంచి," అన్నాడు చెన్నకేశవరావు. "మీ కులంలో విడాకులు ఎలా ఇస్తారు?"

"పెద్దల ముందర తమలపాకు సింపి ఆడమనిషి సేతిలో ఎడతారు బాబూ. ఆపైన కాయితం రాసుకుంతారు."

"ఈ ఆచారం ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"మా తాతల కాడి నుంచీ ఉన్నాదని ఇన్నాను."

"విన్నాను అనకండి. విన్న మాట మేజిస్ట్రేట్ రాసుకోడు. చూశాను అనాలి. ఎన్నిసార్లు చూశారు?"

"ఎన్నని సెప్పమంతారు?"

"నాలుగు చాలు."

"నాలుగంటే నాలుగే."

"ఎవరెవరివని అవతలి వకీలు అడుగుతాడు."

వెంకటసుబ్బయ్య గడ్డం గోక్కున్నాడు. "సచ్చిపోయినోల పేర్లు సెప్పీమంతారా?"

"అదే మంచిది."

సత్యవాణి ఆయన నోటివంకే చూస్తూ నిలబడింది. ఆమెదీ ఆ కులమే. పుట్టింది ఈ సందుల్లోనే. ఏ పంచాయితీలోనూ తమలపాకు చింపగా చూడలేదు, చింపారని వినలేదు. పైగా ఎనిమిదేళ్ళ కిందట ఆమె పెద్దమ్మ కూతురు సుజాతమ్మ వాతలు తేలిన వీపుతో ఇదే పెద్దమనిషి కాళ్ళ మీద పడింది. నన్ను విడిపించండి మావయ్యా అని ఏడ్చింది. "మన కులంలో ఇడాకుల్లేవే తల్లీ, ఎల్లి కాపురం సేసుకో" అని తలుపు దాకా నడిపించి పంపించాడు. సుజాతమ్మ ఇప్పటికీ ఆ కాపురమే చేస్తోంది. ఆడది అడిగినప్పుడు లేని ఆచారం మగవాడి ఉద్యోగం పోయేసరికి తాతల నాటి నుంచీ వచ్చేసింది. ఆ నోటికి మొదటి తాంబూలం ఇచ్చి, ఆ కాళ్ళకు దణ్ణం పెట్టినందుకు ఆమెకు ఒళ్ళు జలదరించింది.

బల్ల మీద ఆ స్టాంపు కాగితం ఉంది. ఎప్పుడో అద్దె అగ్రిమెంటు రాసుకుందామని 1985లో రంగనాథ్ కొని, వాడకుండా పెట్టెలో పడేసిన కాగితం. వెనక స్టాంపు వెండరు వేసిన తేదీ నిజమైనదే. అడుగున పరమేశ్వరి వేలిముద్రా నిజమైనదే. మధ్యలో ఉన్నదంతా పదిహేను రోజుల కిందట పుట్టింది. 1985 మార్చి పద్నాలుగో తేదీన ఇద్దరూ ఇష్టపడి, కులాచారం ప్రకారం విడిపోయారట. సాక్షి సంతకం వెంకటసుబ్బయ్యది.

"భరణం పిటిషన్‌కి మన జవాబు పూర్తి చేద్దాం. రాసుకో," అన్నాడు చెన్నకేశవరావు.

ఆయన ఇంగ్లీషులో చెప్పుకుపోతుంటే సత్యవాణి వేళ్ళు వాటంతట అవే నడిచాయి. లోపలి గది మూలనున్న రెండో మిషను దగ్గర నిలబడి టైపు కొట్టడం ఆమెకు అలవాటే. కులాచారం ప్రకారం విడాకులైపోయాయి కనుక 1986 మేలో జరిగిన పెళ్ళి నేరం కాదు. ఇద్దరూ ఇష్టపడి విడిపోయారు కనుక భరణం అడిగే హక్కు ఆమెకు లేదు. ఇక్కడిదాకా ఇలాంటివి ఎన్నో కొట్టింది. వకీలు వృత్తిలో అబద్ధాలు కొత్త కాదు.

"అయిదో పేరా. 1987 జూన్ తొమ్మిదిన పిటిషనరుకు పుట్టిన ఆడపిల్ల ఈ ప్రతివాది సంతానం కాదు. ఆ బిడ్డకు తండ్రెవరో ప్రతివాదికి తెలియదు."

మిషను ఆగిపోయింది.

"ఏమ్మా?"

"సార్, తీతు..." అంది సత్యవాణి. "పెళ్ళయిన అయిదేళ్ళకు పుట్టింది. బారసాలకి నేనే వెళ్ళాను. ఈయనే పీటల మీద కూర్చున్నారు."

చెన్నకేశవరావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. ఆయనకు కోపం వచ్చినా బాగుండేది.

"లెక్క చూడమ్మా. రెండో పెళ్ళి ఎనభై ఆరు మేలో. విడాకులు అంతకు ముందే జరిగి ఉండాలి. పిల్ల ఎనభై ఏడు జూన్‌లో పుట్టింది. విడాకులిచ్చిన రెండేళ్ళకు పుట్టిన పిల్లని నాదే అంటే విడాకులు అబద్ధమైపోతాయి. విడాకులు అబద్ధమైతే ఉద్యోగం పోతుంది. ఏదో ఒకటి వదులుకోవాలి కదా!"

సత్యవాణి రంగనాథ్ వైపు తిరిగింది. పెళ్ళాన్ని మోసం చేసిన మగాళ్ళను చాలామందిని చూసింది. కన్నబిడ్డను కాదనమంటే వాళ్ళలోనూ ఎక్కడో ఒక నరం కదులుతుంది. రంగనాథ్ బిస్కట్టు పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాడు. నుదురు చిట్లించాడు. ఇతను ఒప్పుకోడు, ఇది మాత్రం రాయొద్దంటాడు అనుకుంది.

"సార్," అన్నాడు రంగనాథ్. "అలాగ రాసీస్తే పాప పేరు పాసులోంచి తీసీస్తారా?"

"ఎందుకు?"

"దసరా పూజలకి పూరీ ఎల్దామని పాసుకి రాసిచ్చినాను సార్. వసంతకీ నాలుగేళ్ళ పాపుంది కదా. దాని పేరు ఆఫీసులో ఎక్కించనేదు, ఎలాగ ఎక్కిస్తాను? వసంతని పరమేశ్వరి పేరు మీద, ఆ పాపని తీతు పేరు మీద తిప్పుతన్నాను. పేరు తీసీస్తే అయిదేళ్ళు నిండగానే దానికి టిక్కెట్టు కొనాల."

వెంకటసుబ్బయ్య కిసుక్కున నవ్వాడు. చెన్నకేశవరావు కూడా నవ్వు ఆపుకోలేక, "పాసు సంగతి తరువాత చూద్దాం లేవయ్యా," అన్నాడు.

సత్యవాణి కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు నిమిషాలు బయటి గాలి పీల్చింది. కన్నబిడ్డను ఎవరికి పుట్టిందో తెలియదని కోర్టుకు రాసిస్తూ, ఆ బిడ్డ పేరు మీద ఇంకో బిడ్డను రైలెక్కించే మనిషి. తీతుకి పాసు మీద రైలెక్కిన జ్ఞాపకమే లేదని పరమేశ్వరి చెప్పింది. పిల్ల స్టేషను దగ్గర ఫుట్‌బ్రిడ్జి మీద నిలబడి పోయే బళ్ళను లెక్కపెడుతుందట. ఆ పిల్ల పేరు మాత్రం ఊళ్ళన్నీ తిరిగి వస్తోంది. వీళ్ళ ముగ్గురితో ఒక గదిలో నిలబడి ఉండటమే రోతగా ఉంది.

ఆ రోతలోనే ఆమెకు ఒక దారి తోచింది. వెనక్కి తిరిగి, మామూలుగా ఆఫీసు మాట చెప్పినట్టే చెప్పింది.

"సార్, ఈ జవాబు నిలవదేమో. ప్రతి జనవరిలో పాసుల కోసం కుటుంబం వివరాలు రాసిస్తారు కదా. ఈయన స్వహస్తంతో భార్య పరమేశ్వరి అని, ఎనభై ఎనిమిది నుంచీ కూతురు త్రిపురసుందరి అని రాసిచ్చిన కాగితాలు ఆఫీసులో ఉంటాయి. అవతలి వకీలు వాటిని తెప్పించమని అర్జీ పెట్టాడు. గురువారం వాయిదా."

పదకొండేళ్ళలో మొదటిసారి ఆ గదిలో తన మాటకు బరువుందనుకుంది. త్రిపురసుందరి అంటే తీతే. ఆ కాగితాలు కోర్టుకొస్తే తమలపాకు కథ ఒక్క పూట నిలవదు.

చెన్నకేశవరావు ఆమెను మెచ్చుకోలుగా చూశాడు. "అందుకే నువ్వంటే నాకు గౌరవం. సగం మంది జూనియర్లకు లేని బుర్ర," అంటూ సొరుగు లాగి, గోధుమరంగు కవరు తీసి బల్ల మీద పడేశాడు. "ఆఫీసులో ఉంటే కదా తెప్పించడానికి!"

కవరులోంచి కాగితాలు జారాయి. ఎనభై ఏడు నుంచి తొంభై ఒకటి దాకా అయిదు జనవరిలు. రంగనాథ్ గుండ్రటి చేతిరాత. భార్య, పరమేశ్వరి. కూతురు, కె. త్రిపురసుందరి, వయసు ఏడు నెలలు. తరువాతి ఏడు, ఏడాదిన్నర. పిల్ల ఆ కాగితాల్లో ఏటేటా పెరుగుతూ వచ్చింది.

అయిదింటినీ మూల దగ్గర ఆకుపచ్చ దారంతో కుట్టి, రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. ఆఫీసులో ట్యాగులు అయిపోతే హరనాథ్ ఇంటి నుంచి సూదీ దారం పట్టుకెళ్ళి ఫైళ్ళు కుడతాడు. రెండు ముళ్ళు వేయడం అతని అలవాటు. కర్టెన్లు కుట్టగా మిగిలిన దారం ఉండ కనబడటం లేదని మొన్న గురువారం సత్యవాణి ఇల్లంతా వెతికింది.

దక్షిణం గాలి బాగా తగుల్తాదన్న రంగనాథ్ మాట అప్పుడు ఆమెకు అర్థమైంది. పరమాన్నం పంచిన ఇళ్ళన్నీ గుర్తొచ్చాయి. అందులో పరమేశ్వరి ఇల్లు కూడా ఉంది. తీతు గిన్నె నాకి ఇచ్చింది.

"అవతల బొగ్గుల పొయ్యి వెలుగుతోంది. వీటిని అందులో వేసెయ్యి, పనిలో పనిగా ఇంకో చాయ్ పెట్టు," అన్నాడు చెన్నకేశవరావు, ఏ ఉత్తరమో పోస్టులో వెయ్యమన్నట్టు.

కోర్టుకు రాకూడదని కాగితం నాశనం చేస్తే రెండు వందల నాలుగో సెక్షను. రెండేళ్ళ జైలు. ఎన్నిసార్లో ఈ వేళ్ళతోనే టైపు కొట్టింది. కవరు తీసుకుంది. దాంతోపాటు టైపు మిషను పక్కన గుట్టగా ఉన్న పాడైన కాగితాలూ, అరిగిపోయిన కార్బన్లూ తీసుకుంది.

వంటింట్లో పొయ్యి ఎర్రగా ఉంది. బజారు చేసుకుని ఇంటికెళ్దామని తెచ్చుకున్న గుడ్డ సంచీ అక్కడే మేకుకు తగిలించి ఉంది. కవరు అందులోకి జారింది. కార్బన్లు పొయ్యిలోకి వెళ్ళాయి. కార్బను మంట నల్లగా, కంపుగా లేస్తుంది. 

"అయిపోయినాదా అమ్మా?" రంగనాథ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

పాడైన కాగితాలు కూడా వేసి, చువ్వతో బూడిద కుళ్ళబొడిచింది. "చూసుకోండి," అంది.

అతను వంగి చూశాడు. నల్లటి పొరలు ముడుచుకుపోతున్నాయి. "పీడ ఒదిలినాది," అని ఊపిరి వదిలి వెళ్ళిపోయాడు. అతను తాకిన తలుపు చెక్కను ముట్టుకోవడానికి కూడా ఆమెకు మనసు రాలేదు. భుజంతో తోసుకుని బయటికి వచ్చింది.

తలనొప్పిగా ఉందని చెప్పి పన్నెండింటికే బయలుదేరింది. గోల్ బజార్లో దొండకాయలు, వాటిలాగే ఉండే బెంగాలీ పొటల్ కాయలు కొని సంచీలో పైన పోసింది. దారి పొడుగునా హరనాథ్ తరఫున తనే వకీలైంది. యూనియన్ వాళ్ళు బెదిరించి ఉంటారు. పై ఆఫీసరు అడిగితే ఇచ్చి ఉంటాడు. దేనికని తెలిసి ఉండదు. పిల్ల బతుకని తెలిస్తే ఇవ్వడు. అలాంటివాడు కాడు. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి, కోడిని కూడా కోయలేక పక్కింటివాణ్ణి పిలుస్తాడు.

ఇంటికొచ్చేసరికి హరనాథ్ సామాన్లు సర్దుతున్నాడు. ట్రంకుపెట్టెకు తాడు బిగిస్తూ కూనిరాగం తీస్తున్నాడు. కొత్త క్వార్టర్‌కి మంగళవారం మారాలి. ఆకుపచ్చ కర్టెన్లు మడత పెట్టి మంచం మీద ఉంచాడు, జాగ్రత్తగా, అంచులు కలిపి.

సత్యవాణి అడగబోయింది. ఎలా మొదలుపెట్టాలో అని నోరు తెరిచింది. అతను తల ఎత్తకుండానే, తాడుకు రెండో ముడి వేస్తూ అడిగాడు.

"కాల్చీసినావా?"

ఊరందరి ప్రశ్నలకూ జవాబు తెలిసిన మనిషి ఇప్పుడు తనే ప్రశ్న అడిగింది.

"నా చేత కాల్పిస్తారని మీకు తెలుసా?"

"నానే సెప్పినాను ప్లీడరు గారికి," అన్నాడు హరనాథ్, తెలివైన పని చేసినవాడిలా నవ్వుతూ. "ఎవులి సేతో కాల్పిస్తే రేపు ఆడు నోరిప్పీగలడు. నీ సేత్తో కాలిస్తే నువ్వు ఇప్పవు. నువ్వే ఓపాలి సెప్పినావు కదేటే, మొగుడూ పెళ్ళాం మాట్లాడుకున్న మాట కోర్టు అడగనేదనీసి. ఇంకేటి బెంగ?"

"తీతు ఏమైపోతుంది?"

"ఎవుల పిల్లో మనకేల? ఎనిమిదేళ్ళు ఒక్క గదిలో ఉడికిపోనాం. మనకి ఎవులేటి సేసినారు?" తాడు లాగి చూసుకున్నాడు. గట్టిగానే ఉంది. "సంచీ ఇలా తే. ఆకలేత్తంది, నాను కూరలు కోసెడతాను, నువ్వు కూకో."

ఆ మంచితనమే ఆమెకు భరించరాకుండా ఉంది. పన్నెండేళ్ళుగా ఈ మంచితనం చూసే మురిసిపోయింది. పక్కన నిలబడిన మనిషి ఒంటివాసన కూడా ఆ క్షణాన ఆమెకు అసహ్యం వేసింది.

ఆమె కదిలేలోపలే అతను సంచీ అందుకుని చేటలోకి వంచాడు. దొండకాయలు పడ్డాయి. వాటి వెనక పొటల్ కాయలు. సంచీ దులిపాడు. ఇంకా ఏదో అడుగున అడ్డం పడి ఉంది. చెయ్యి లోపలికి పెట్టి తడిమాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వేళ్ళకు దారం తగిలినట్టుంది.

అతని ముఖంలో నవ్వు పోయింది.

"ఇదేటి?" అన్నాడు.

సత్యవాణి సంచీ రెండో పిడి పట్టుకుంది.

"తీతు," అంది.